నలభై ఇండ్ల బియ్యం

మా ఇంట్లోకి మోరీ నీళ్ళు వచ్చిన వారంలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న మాట "స్తోత్రం". అది విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది.

వరంగల్‌లో మేముండే కాలనీ పల్లంలో ఉంటుంది. ఆ వానకు పక్కనున్న నాలా పొంగి, తెల్లారేసరికి మంచం కోళ్ళు మునిగాయి. నేను, మా ఆయన, మా అత్తమ్మ, నాలుగు నెలల పాప ఎదురింటి వాళ్ళ డాబా మీద రెండు రోజులు తలదాచుకున్నాం. మూడో రోజు దిగి వచ్చి తలుపు తీస్తే, ఊరందరి పాయిఖానాలూ మా ఇంట్లోనే ఖాళీ చేసినట్టుంది. గోడలకు నడుమెత్తున నల్లటి చార. ఫ్రిజ్ వెల్లకిలా పడి ఉంది. టీవీ వెనుక ఒక పందికొక్కు చచ్చి ఉబ్బి ఉంది. వంటింట్లో బియ్యం బస్తా నాని, పులిసి, పిగిలిపోయి, దాని మీద తెల్ల పురుగులు మెసులుతున్నాయి. నేను గడపలోనే వాంతి చేసుకున్నాను.

మా అత్తమ్మ కుచ్చిళ్ళు ఎగదోపి ఆ బురదలోకి దిగింది. "స్తోత్రం తండ్రీ, గోడలన్న నిలవెట్టినవ్" అన్నది.

"గోడలతోపాటు కంపు సుత నిలవెట్టిండు అత్తమ్మా" అన్నాను. ఆమె చీపురు అందుకుంది.

ఆమెకు ఒక పద్ధతి ఉంది. అన్నం ముందు కూర్చున్నాక ఒక్కొక్కరూ దేవునికి ఒక్కో స్తోత్రం చెప్పాలి. నిన్న చెప్పింది ఇవాళ చెల్లదు. మా పుట్టింట్లోనూ యేసయ్యనే నమ్ముతారు కానీ, క్రిస్మస్‌కు క్రిస్మస్‌కు గుర్తొచ్చే నమ్మకం అది. పెళ్ళైన కొత్తలో ఈ పద్ధతి నాకు ముచ్చటగా ఉండేది. కరెంటు వచ్చిందనో, బస్సులో సీటు దొరికిందనో ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఆ వారం మాత్రం నా నోరు పెగల్లేదు. నా వంతు వచ్చినప్పుడు ఊరుకునేదాన్ని. అత్తమ్మ కాసేపు చూసి ఆమెన్ అనేసేది.

స్తోత్రం సంగతి అటుంచి, ఎదురింటి వాళ్ళు పంపే అన్నమే దిగేది కాదు. ముద్ద నోటిదాకా తెస్తే చేతికి మోరీ వాసన. సబ్బుతో కడిగినా, నిమ్మకాయతో రుద్దినా అదే వాసన. ఒక మెతుకు మింగితే రెండు మెతుకులు బయటికొచ్చేవి. నాలుగో రోజుకు నాకు పాలు తగ్గిపోయాయి. పాప రొమ్ము పట్టి లాగి, ఏమీ రాక, మొహం ఎర్రగా చేసుకొని ఏడ్చేది. డబ్బా పాలు పడితే కక్కేసింది. పుట్టింటికి పోదామంటే అక్కడ మా అమ్మానాన్నలిద్దరూ చికున్‌గున్యాతో మంచం పట్టారు. "నువ్వు తింటేనే బిడ్డకు పాలు" అని దవాఖానలో డాక్టరమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. అదేదో నాకు తెలియనట్టు.

చర్చి నుంచి కొందరు పులిహోర ప్యాకెట్లు తెచ్చారు. ఒకామె ప్యాకెట్ నా చేతిలో పెట్టి, తను కూడా వదలకుండా పట్టుకొని, ఫోటో తీయడం అయ్యేదాకా నన్ను నిలబెట్టింది. "పానాలు దక్కినయ్ గద చెల్లె, స్తుతించు" అన్నది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొనే అన్నది ఆ మాట. నాకు ఆ బురద కంటే ఆమె మీదే ఎక్కువ అసహ్యం వేసింది. ఆ పులిహోర కూడా కడుపులో నిలవలేదు.

ఇంట్లో తడవని తిండి గింజలు ఒక్కచోటే మిగిలాయి. సజ్జ మీద, నా పెండ్లి చీరల పెట్టె పక్కనున్న అత్తమ్మ పిడికెడు బియ్యం డబ్బాలో. మా చర్చిలో ఆడవాళ్ళు అన్నం వండే ప్రతిసారీ ముందుగా ఒక పిడికెడు బియ్యం తీసి దేవుని పేర డబ్బాలో వేస్తారు. నెల మొదటి ఆదివారం అందరూ తెచ్చి, చర్చిలో ముందు పెట్టిన పెద్ద బేసిన్లో పోస్తారు. అక్కడి నుంచి అది లేనివాళ్ళకు పోతుంది. ఈ డబ్బాలో ఉన్నవి మా నాన్న హసన్‌పర్తి నుంచి పంపిన సన్నాలు. డబ్బా మూత తీసి వాసన చూశాను. వారంలో మొదటిసారి నాకు వికారం రాలేదు. మా పుట్టింటి వడ్ల గరిసె దగ్గర నిలబడ్డట్టే ఉంది.

"అత్తమ్మా, ఇయ్యి వండుత. ఇయ్యైతె తినగలుగుత" అన్నాను.

"అయి మనయి కావు బిడ్డా."

"మనకంటె లేనోళ్ళు ఎవలున్నరు ఇప్పుడు?"

ఆమె డబ్బా నా చేతిలోంచి తీసుకొని మూత బిగించింది. తెల్లారితే నెల మొదటి ఆదివారం. పొద్దున్నే డబ్బా చంకన పెట్టుకొని చర్చికి నడిచింది. పాపనెత్తుకొని నేనూ వెనకాలే పోయాను, ప్రార్థనకు కాదు, ఆ బియ్యం ఏమవుతాయో చూద్దామని. మా నాన్న పండించిన సన్నాలు బేసిన్లో పడి, దొడ్డు బియ్యంలో, రేషన్ బియ్యంలో, ముక్కిపోయిన పాత బియ్యంలో కలిసిపోవడం కళ్ళారా చూశాను. ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది.

ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారి భార్య, నీళ్ళొచ్చిన ఇండ్లవాళ్ళను పేరుపేరునా పిలిచింది. ఎవరి డబ్బాలో వాళ్ళకు బేసిన్ లోంచి నింపి ఇచ్చింది. మా డబ్బా మళ్ళీ నిండింది. చేయి పెట్టి చూస్తే లావు గింజ, సన్న గింజ, పసుపు గింజ, మధ్యలో రాళ్ళు. నలభై ఇండ్ల కలగలుపు. పెళ్ళైన మొదట్లో ఈ బియ్యం చూసి బిచ్చపు జోలె గుర్తొచ్చి మొహం తిప్పుకున్న మనిషిని నేను.

"మంచియి పోసి ఇయి తెచ్చుకుంటిమి" అన్నాను దారిలో.

"మీ మామ పోయిననాడు నీ మొగడు మూడు నెలల పోరడు" అన్నది అత్తమ్మ, నడక ఆపకుండానే. "దిగులుతోటి నాకు పాలు ఎండిపోయినయ్. గీ బియ్యమే ఇచ్చిన్రు. గంజి కాసుకొని తాగిన. గా బియ్యం మీదనే పెరిగిండు వాడు."

అది విని నా మనసు కరిగిందని రాస్తే బాగుంటుంది కానీ, అబద్ధమవుతుంది. నాకు ఇంకా చిరాకేసింది. నిన్ననే ఈ మాట చెప్పొచ్చు కదా అనిపించింది. ఇంటికొచ్చి రాళ్ళేరి, బియ్యం తపేలాలో పోసి, ఒక పిడికెడు తీసి తిరిగి డబ్బాలో వేశాను. అలవాటు, అంతే. దాన్ని భక్తి అని ఎవరైనా అంటే ఒప్పుకోను.

ఆ అన్నం ఎంత అసహ్యంగా ఉడికిందంటే, సగం జావ, సగం పలుకు. పచ్చిపులుసు పోసుకొని ముగ్గురం చుట్టూ కూర్చున్నాం. మా ఆయన ఏదో చెప్పాడు. అత్తమ్మ ఎండ వచ్చినందుకు చెప్పింది. నా వంతు వచ్చింది. పాప నా ఒళ్ళో సన్నగా మూలుగుతోంది. అత్తమ్మ ఆమెన్ అనకుండా కళ్ళు మూసుకొని కూర్చుంది. ఈసారి నన్ను వదిలేటట్టు లేదు.

"తండ్రీ" అన్నాను పళ్ళు బిగబట్టి, "గా పందికొక్కు నా పెండ్లి చీరెల పెట్టెల సావకుంట టీవీ ఎన్క సచ్చినందుకు స్తోత్రం."

కళ్ళు తెరిచి చూస్తే అత్తమ్మ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకొని భయపడ్డాను. కొంగు నోట్లో కుక్కుకొని నవ్వుతోంది.

"చెల్లుతదా అత్తమ్మా?"

"చెల్లుతది బిడ్డా. కొత్తదే గద."

మా ఆయన గట్టిగా ఆమెన్ అన్నాడు. నాకూ నవ్వు తన్నుకొచ్చింది, పొట్ట పట్టుకొనేంత నవ్వు. ఆ నవ్వులోనే మొదటి ముద్ద దిగిపోయింది. పలుకు గింజ పంటి కింద కరకరలాడింది. వాసన చూడాలని తోచనే లేదు. కంచం ఖాళీ చేసి, అత్తమ్మ వంచి పెట్టిన గంజి కూడా తాగేశాను. ఆ కంపు కొట్టే ఇంట్లో, ఆ పూట నేను సంతోషంగా ఉన్నాను. ఇప్పటికీ ఆ సంతోషం తలుచుకుంటే నాకు కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

పాపకు ఆ రోజు సగం కడుపే నిండింది. రెండు రోజులు అదే బియ్యం, అదే గంజి. మూడో రోజు మధ్యాహ్నం గుటకలు వేస్తూ తాగి తాగి, రొమ్ము వదిలేసి నిద్రపోయింది. దాని మూతి చివర నుంచి పాలు కారి నా మోచేతి మీద పడ్డాయి. ఇల్లు మునిగినప్పటి నుంచి నా ఒంటి మీద పడినవాటిలో తుడిచేసుకోవాలని అనిపించనివి అవొక్కటే.