శారద మడుగులో నీరుకుక్కల లెక్క

అరవైల్లో అనకాపల్లి నుంచి ఒక దినపత్రికకు వార్తలు రాసేవాణ్ణి. బెల్లం ధర, బస్సు ప్రమాదం, సినిమా హాలు ముందు తగువు, అంతే. ఒక వేసవిలో మా పట్నం పెద్దమనుషులకు జంతువుల మీద ప్రేమ పుట్టింది. ఒక బెల్లం వర్తకుడు, ఒక ప్లీడరు, పనిలేని మరికొందరు కలిసి సంఘం పెట్టారు. శారదా నదిలో చేపలు తిని బతికే నీరుకుక్కలు ఎన్ని ఉన్నాయో ఊళ్లవాళ్లను అడిగి తేలుస్తారట. ఎక్కువున్న చోట వలలు మాన్పించమని పంచాయతీకి చెబుతారట. ఏట్లోకి దిగి చూసినవాడు ఒక్కడూ లేడు. చెప్పులు తడుస్తాయి.

దిగువనున్న జాలరిపేటకు నేనూ వాళ్ల జీపులోనే వెళ్లాను. ఎండల్లో ఏరంతా ఇసుకైపోతే ఆ పేటకు మిగిలేది ఒక్క మడుగు. అందులో చేపలే వాళ్ల తిండి. అక్కడ తిరిగే నీరుకుక్కలు ఒకే ఒక జంట అని పేటలో పసిపిల్లలకూ తెలుసు. మేం దిగేసరికి పేట పెద్దను అతని భార్య గుమ్మంలోనే హెచ్చరిస్తోంది.

“ఉన్నదే సెప్పు. గొప్పలకి పోయేవంటే మడుగు పోతాది.”

“నాకు తెల్దేటే?” అన్నాడతను.

తెలుసు. కానీ తమాషా చూడటానికి ఏటికి ఎగువనున్న పై ఊరి నుంచి ఆమె అన్న కూడా వచ్చాడు. ఆ రెండూళ్లకూ కోడిపుంజు దగ్గర్నుంచి కోలాటం దాకా పంతమే. బయటివాళ్ల ముందు మా ఊళ్లో ఫలానాది లేదనడం వాళ్లకు చావుతో సమానం.

“మా కాడ పదున్నాయి బాబూ” అన్నాడు ఆ అన్న. “పాపం, మా బావ మడుగులో ఏటున్నాది? కప్పలు.”

పేట పెద్ద మొహం ఎర్రబడింది. “కప్పలేటి బావా? కళ్లు పోయేయా నీకు? మందలు మందలు! పగటేల ఒడ్డెక్కి ఎండ కాగుతాయి.”

“ఎన్నుంటాయి?” అన్నారు ప్లీడరుగారు.

“మీరెన్నంటే అన్ని బాబూ.”

ప్లీడరుగారు ముప్పై అన్నారు. పేట పెద్ద తలూపాడు. అతని భార్య నెత్తి కొట్టుకుంది. దీన్నే సంఘంవారు ప్రజల పరిశీలన అన్నారు. మా పత్రిక అచ్చువేసింది. ముప్పై నీరుకుక్కలు దిగితే ఆ మడుగులో చేప పొలుసు కూడా మిగలదని ఒక్కరికీ తట్టలేదు. తట్టాలంటే బుర్ర లోపల కాస్త ఏదైనా ఉండాలి.

నెల తిరక్కుండా మడుగులో వలలు వేయరాదని పంచాయతీ దండోరా వేయించింది. పేట జనం చెరకు తోటల్లో కూలికి పోయారు. సంఘంవారు మళ్లీ ఆ ఒడ్డు తొక్కలేదు. వాళ్ల ప్రేమ అప్పటికి పక్షుల మీదకు మళ్లింది. పదే ఉన్నాయని చెప్పిన పై ఊళ్లో మాత్రం వలలు ఎప్పటిలాగే పడుతున్నాయి.

ఒక సాయంత్రం నేను పేటలో ఉండగానే ఆ అన్న చెల్లెలికి చేపలబుట్ట తెచ్చాడు. కూలి నుంచి అప్పుడే వచ్చిన పేట పెద్ద బుట్టలోకి తొంగి చూశాడు.

“ఇంతేనేటి బావా వీటి సైజు? మా మడుగులోవి మూరెడుంటాయి.”

భార్య బుట్ట లోపలికి తీసుకుపోయింది.