ఏడిళ్ళు తిరిగే అట్ట

మా పక్కింటి పెద్దాయన పోయారు. మంగళవారం ఉదయం, ఇక్కడ అమెరికాలో, ప్లేనోలో, డయాలసిస్‌కి బయలుదేరాల్సిన వేళకి. వాళ్ళమ్మాయి ఫోన్ చేసి ఒక్క మాటే అంది: "అక్కా, నాన్న లేవట్లేదు."

ఈ వీధిలో ఎవరైనా "అంకుల్, మీదే ఊరు?" అనడిగితే ఆయన ఉత్తర జపాన్‌లోని ఒక చిన్న ఊరి పేరు చెప్పేవారు.

"మీది తెనాలి కదా అంకుల్!"

"తెనాలిలో పుట్టాను. నువ్వడిగింది ఊరు కదా?"

వరినాట్లు వేసే యంత్రాల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఇంజనీరుగా ఆయన ఆ ఊళ్ళో తొమ్మిదేళ్ళు ఉన్నారు. దాని గురించి వ్యాసం రాస్తానంటే వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి చెప్పారు. ఒకే పెట్టె ఉన్న రైలు. కొండ కింద వరి, పైన ఆపిల్ తోటలు. మూతపడ్డ బడి. అందమైన ఊరేనా అన్నాను. "అందం సంగతి రాయకమ్మా. కాలవ నీళ్ళు ఎవరి పొలానికి ముందెళ్తాయో రాయి, ఊరు అర్థమవుతుంది" అన్నారు. రాసుకున్నాను.

ఆ ఊళ్ళో వీధి కబుర్లు ఒక అట్ట మీద తిరుగుతాయి. మనం పరీక్షలకి పట్టుకెళ్ళే క్లిప్ అట్టలాంటిదే. ఫలానా రోజు కాలవ పూడికతీత, ఫలానా ఇంట్లో దినం. చదివి, సంతకం పెట్టి, పక్కింటివాళ్ళ చేతికిచ్చి రావాలి. గుమ్మంలో వదిలేసి రాకూడదు. "మనిషిని చూసి ఇవ్వాలి. కాగితం వంకమ్మా, అసలు పని పలకరింపు" అనేవారు. మా గుమ్మంలో పడి ఉన్న పార్సిల్‌ని కూడా బెల్ కొట్టి చేతికిచ్చేవారు.

ఆయన వీధిలో ఏడిళ్ళు. ఆయనది నాలుగోది. భార్యకి కేన్సర్ అని తేలిన వారమే, వైద్యానికి అమెరికాలో కూతురి దగ్గరికి ఇద్దరూ బయలుదేరారు. విమానం ఎక్కాక గుర్తొచ్చింది: అట్ట వంటింట్లో ఉంది, ఇంటికి తాళం వేసి ఉంది. ఆదివారం కాలవ పని. మిగతా మూడిళ్ళకీ కబురు వెళ్ళదు.

"కాలవ పనికి రాని ఇల్లంటే అక్కడెంత నామోషీయో నీకు తెలీదు. పక్కింటావిడ ఒంటరిది. నా మూలంగా మాటపడి ఉంటుంది."

"ఉత్తరం రాయలేదా అంకుల్?"

"రాశాను. పోస్ట్ చేయలేదు. క్షమాపణ కూడా మనిషిని చూసే ఇవ్వాలి."

భార్య ఆ ఏడే పోయారు. తర్వాత ఆయనకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. అంత దూరం ప్రయాణం వద్దన్నారు డాక్టర్లు. "అట్ట గురించి ఇన్నేళ్ళా నాన్నా! వాళ్ళెప్పుడో మర్చిపోయుంటారు" అని కూతురు విసుక్కునేది. "వాళ్ళు మర్చిపోతే నేనన్నా గుర్తుంచుకోవాలి కదే" అనేవారు.

మొన్న మే నెలలో వ్యాసం కోసం ఆ ఊరెళ్ళాను. ఏడిళ్ళలో మూడింటిలోనే మనుషులున్నారు. ఎనభై దాటిన ఐదో ఇంటావిడ పొలం గట్టు మీద కనిపించారు. టౌన్ ఆఫీసు నుంచి తోడొచ్చిన అమ్మాయి ఆవిడ మాటలు ఇంగ్లీషులో చెప్పింది. రెండు రోజులైనా అట్ట రాకపోతే ఆవిడే నాలుగో ఇంటికి వెళ్ళారట. కిటికీలోంచి అట్ట కనబడింది. ఇంటి యజమానిని పిలిచి తాళం తీయించారు. ఆదివారం అందరూ కాలవకి వచ్చారు. ఆయన వంతు పూడిక ఆవిడే తీశారు.

అక్కడ ఉదయం తొమ్మిది. ప్లేనోలో ముందురోజు సాయంత్రం ఏడు. వీడియో కాల్ కలిపి ఫోన్ ఆవిడ చేతికిచ్చాను. ఆయన కుర్చీలోంచి లేచి నడుము వంచారు. తెర మీద బట్టతల ఒక్కటే కనబడింది. ఆవిడ ఏదో అన్నారు. ఆయన గట్టిగా నవ్వారు.

"ఏమన్నారంకుల్?"

"నీ వంతు నేను తీశాను, వచ్చి నా వంతు తీయి అంటోందమ్మా. పార కూడా నన్నే తెచ్చుకోమంటోంది."

కొంతసేపటికి ఆవిడ ఫోన్ నాకిచ్చి, నారు కట్ట తీసుకుని మడిలోకి దిగారు. నేను కాల్ ముగించబోయాను.

"ఉండమ్మా, కట్ చేయకు. అటు తిప్పు."

కెమెరా పొలం వైపు తిప్పి పట్టుకున్నాను. మడి నిండా నీళ్ళు. యంత్రం తిరగలేని మూలలో ఆవిడ చేత్తో నాటుతూ వెనక్కి అడుగులేస్తున్నారు. ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నారు. ఆవిడ ఒక్కో అడుగూ వెనక్కి వేస్తుంటే, ప్లేనోలో ఆయన తల కొద్దికొద్దిగా అటే తిరుగుతూ ఉంది.