ఎల్లయ్య వచ్చిండా?

2022 చలికాలం. కరీంనగర్ దాటి పెద్దపల్లి వైపు వెళ్లే దారిలో, వరి పొలాల పక్కన ఉన్న ఒక సీనియర్ సిటిజన్ హోమ్‌లో నేను నర్సింగ్ ఇన్‌ఛార్జిగా పనిచేస్తున్నాను. మాది అసిస్టెడ్ లివింగ్ కేంద్రం. అంటే ఆసుపత్రి కాదు, ఉత్త సత్రమూ కాదు. తమ అన్నం తాము తినగలిగి, స్నానానికో నడకకో మందులు వేళకు వేసుకోవడానికో కాస్త ఆసరా కావలసిన పెద్దవాళ్లు ఉండే చోటు.

ఇలాంటి చోట సగం పని మనుషులతో, సగం పని నిబంధనలతో. బాత్రూముల్లో పట్టుకునే కడ్డీలు, గుమ్మం దగ్గర ర్యాంపు, మంటలార్పే సిలిండర్ గడువు, తాగే నీళ్ల పరీక్ష, అన్నీ తనిఖీకి సిద్ధంగా ఉండాలి. చాలామంది నర్సులు ఈ తతంగాన్ని తిట్టుకుంటారు. నేను తిట్టుకోను. గోడకున్న ఆ ఒక్క కడ్డీ ఎంతమంది తుంటి ఎముకలను కాపాడిందో నేను కళ్లారా చూశాను.

ఆ చలికాలంలోనే రాజవ్వ మా దగ్గరకు వచ్చింది. డెబ్బై దాటిన బక్క మనిషి, గొంతు మాత్రం ఖంగుమనేది. బతుకంతా బీడీలు చుట్టింది. తుంటి విరిగి ఆపరేషన్ అయ్యాక వాకర్ పట్టుకుని నడుస్తోంది. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కతే కూతురు లక్ష్మి. ఆదిలాబాద్ దగ్గర ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. అక్కడే ఉండాలి, తల్లిని వెంట పెట్టుకోవడానికి వీల్లేదు. అందుకే ఇక్కడికి తెచ్చింది.

కొత్తగా వచ్చినవాళ్లకు మేము అడ్మిషన్ అసెస్‌మెంట్ చేస్తాం. అంటే జబ్బులు, మందులు, అలవాట్లు అడిగి రాసుకోవడం. షుగర్ లేదు, బీపీకి ఒక గోలీ వేసుకుంటుంది. సారా గానీ బ్రాందీ గానీ తాగే అలవాటు ఉందా అని అడిగాను. లక్ష్మి నొచ్చుకుంది.

"మా అవ్వకు అసొంటి అలవాట్లు ఏం లెవ్వు మేడం."

ఆమె అబద్ధం చెప్పలేదు. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను.

మొదటి రెండు రోజులు రాజవ్వ మా హోమ్‌ను నవ్వుల్లో ముంచింది. పొద్దున ఇడ్లీలు పెడితే, ఇవి జ్వరమొచ్చినవాళ్ల తిండి, నాకు జ్వరం లేదు కదా బిడ్డా అని ప్లేటు వెనక్కి నెట్టింది. మేనేజర్ సుధాకర్ గారి పొట్టను చూసి, ఈ సారుకు ఏ నెల అని అందరి ముందూ అడిగింది. ఆయన కూడా నవ్వాడు.

ఆ తర్వాత మనిషి మారిపోయింది. కన్ను మూతపడలేదు. చేతులు వణికాయి. చలిలో కూడా చెమటలు పట్టాయి. మంచం మీద కూర్చుని, ఒళ్లో చాట ఉన్నట్టు, వేళ్లతో గాలిలో బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. పొద్దు వాలితే చాలు, గుమ్మం వైపు చూస్తూ ఒకటే మాట.

"ఎల్లయ్య వచ్చిండా?"

పోయిన మొగుడిని తలుచుకుంటోందని అందరం అనుకున్నాం. మా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయా సుజాత ఆమె తల నిమిరి, "వస్తడు అవ్వా, తొవ్వల ఉన్నడు" అనేది. నేనూ అదే అన్నాను. వయసు పైబడినవాళ్లను ఊరడించడానికి మాకు నేర్పిన పద్ధతే అది, కాదని వాదించకూడదు, మరిపించాలి.

మా దగ్గరకు వచ్చే డాక్టరు గారు చూసి డెలీరియం అన్నారు. ఒంట్లో ఏదో తేడా చేస్తే మనసు ఉన్నట్టుండి చెదిరిపోవడం అది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమోనని పరీక్షలు చేయించాం. ఏమీ తేలలేదు. లక్ష్మికి ఫోన్ చేస్తే, కొత్త చోటు కదా, బెంగ పెట్టుకున్నట్టుంది, సెలవు దొరకగానే వస్తానంది.

సరిగ్గా అప్పుడే తనిఖీ వచ్చి పడింది. రాజవ్వ మాటిమాటికీ మంచం దిగబోతోంది. పడితే మళ్లీ తుంటి పోతుంది. తనిఖీ అయ్యేదాకా చున్నీతో చేతులు మంచానికి కడదామా అని సుజాత భయపడుతూ అడిగింది. దీన్ని రెస్ట్రెయింట్ అంటారు, అంటే మనిషిని కదలకుండా కట్టేయడం. డాక్టరు రాతపూర్వకంగా చెప్పకుండా అది చేయకూడదు. నేను ఒప్పుకోలేదు. ఆమె పక్కన కుర్చీ వేసుకుని నేనే కూర్చున్నాను.

వచ్చిన అధికారి మంచివాడే. కడ్డీలు పట్టి లాగి చూశాడు. వంటగదిలో మూతలు తీసి చూశాడు. రాజవ్వకు నమస్కారం పెట్టాడు. ఆమె అతన్ని కూడా ఎల్లయ్య వచ్చిండా అని అడిగింది. అన్నీ సవ్యంగా ఉన్నాయని రాసి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. కాగితం మీద మాకు ఒక్క లోపం లేదు. అతని జీపు గేటు దాటిందో లేదో, రాజవ్వకు ఫిట్స్ వచ్చాయి.

అంబులెన్సులో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. లక్ష్మి వంట మధ్యలో వదిలేసి, చేతికి పసుపు మరకలతోనే బస్సెక్కి వచ్చింది. వార్డులో డ్యూటీ డాక్టరు కుర్రవాడు. తల్లిది ఏ ఊరని అడిగాడు. ఆమె చెప్పగానే మరో ప్రశ్న వేశాడు.

"కల్లు తాగుతదా?"

"కల్లా? కల్లు తాగుతది సారూ. రోజు పొద్దూకంగ రెండు సీసలు. కల్లు గీసే ఎల్లయ్య తెచ్చిస్తడు."

అంటే ఎల్లయ్య ఆమె మొగుడు కాదు.

మా వైపు కల్లును ఎవరూ తాగుడు లెక్కలో వేయరు. పెళ్లికి కల్లు, పండుగకు కల్లు, చావుకు కల్లు. ఒంటికి చలువ అంటారు. అలవాట్లు ఏమున్నాయని అడిగితే కల్లు పేరు చెప్పడమంటే, నీళ్లు తాగుతానని చెప్పినట్టే. కానీ చెట్లు తగ్గాయి, తాగేవాళ్లు తగ్గలేదు. కొన్ని దుకాణాల్లో సీసలోకి దిగేది చెట్టు కల్లు కాదు, మత్తుమందు కలిపిన నీళ్లు. ఏళ్ల తరబడి తాగిన ఒళ్లు అది ఒక్కసారిగా ఆగిపోతే తిరగబడుతుంది. విత్‌డ్రాయల్ అంటాం. వణుకు, నిద్రలేమి, లేనివి కనబడడం, చివరికి ఫిట్స్. డాక్టరు దగ్గరుండి మెల్లమెల్లగా తగ్గించాలి. మేము క్రమశిక్షణగా, శుభ్రంగా, నిబంధనల ప్రకారం ఒక్కరోజులో ఆపేశాం.

వైద్యం మొదలైంది గానీ అప్పటికే ఊపిరితిత్తుల్లోకి నిమ్ము దిగింది. మధ్యలో ఒక పూట తెలివి వచ్చింది. లక్ష్మిని గుర్తుపట్టింది. "నువ్వు పో బిడ్డా. గా ఆడపిల్లలకు బువ్వ ఎవలు వండుతరు?" అంది. అదే ఆమె చివరి మాట. రెండు రోజులకు పోయింది.

వరండాలో లక్ష్మి నన్ను పట్టుకుంది. "గప్పుడే కల్లు ముచ్చట చెప్తే మా అవ్వ దక్కునా మేడం?"

నేను అడిగింది సారా గురించి, నువ్వు నిజమే చెప్పావు అన్నాను. నిజమే గానీ, ఆ నిజం ఆమెకు ఎందుకూ పనికిరాలేదు. గోడకు తల ఆనించి ఏడుస్తూనే ఉంది. నాకూ ఏడుపు ఆగలేదు.

మూడోనాడు పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెడితే, కాకి వచ్చి ముట్టాలి. నేనూ వెళ్లాను. అన్నం, మాంసం, ఆకు, వక్క, ఒక బీడీ కట్ట పెట్టారు. కల్లు సాక పోయాలని, అంటే ఆకు చుట్టూ ధారగా వదలాలని, పెద్దమనుషులు అన్నారు. లక్ష్మి అడ్డం పడింది. ఆ కల్లే మా అవ్వను మింగింది, ఒక్క చుక్క పోస్తే ఊరుకోనంది. కరెంటు తీగ మీద కాకులు కూర్చున్నాయి గానీ కిందికి దిగలేదు.

అప్పుడు గట్టు మీద నుంచి ఒక ముసలాయన వచ్చాడు. భుజాన కల్లు లొట్టి ఉంది. ఎల్లయ్యను చూడడం నాకు అదే మొదటిసారి. దూరంగానే ఆగిపోయాడు.

"చెట్టు కల్లు బిడ్డా. పొద్దుగాల నేనే గీసిన. ఏం కలపలే."

లక్ష్మి అతని వైపే చూసింది.

"గిన్నొద్దులు గిదే ఎందుకు తేలే కాకా?"

"ఊరందరికి సాలేటన్ని చెట్లు యాడున్నయి బిడ్డా" అన్నాడు. లొట్టి కింద పెట్టి, తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. అతని మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. పోయినవాళ్లకు చెట్టు కల్లు, బతికున్నవాళ్లకు మందు కల్లా అని అడగాలనిపించింది. కానీ అతను తువ్వాలు చాటున ఏడుస్తున్నాడు. చివరికి లక్ష్మి తనే లొట్టి ఎత్తి ఆకు చుట్టూ పోసింది. కాకులు ఎప్పుడు దిగాయో నేను చూడలేదు.

ఇప్పుడు మా హోమ్‌కు ఎవరు వచ్చినా అలవాట్లు ఉన్నాయా అని అడగను. పొద్దూకితే ఏం తాగుతారు, ఎవరు తెచ్చిస్తారు అని అడుగుతాను. కల్లు అని చాలా మామూలుగా చెబుతారు. ఇంకొకటి కూడా మానేశాను. మంచం మీద ఎవరైనా ఒక పేరు పట్టుకుని పిలుస్తుంటే, వస్తాడని చెప్పి ఊరడించను. ముందు ఫోన్ తీసి, ఆ మనిషి ఎవరని ఇంటివాళ్లను అడుగుతాను.