కోడి ఈకల రొయ్య

కోడి ఈక కాలిన వాసన తగిలితే నాయన కట్టిన రొయ్య గుర్తొస్తుంది. గుమ్మఘట్ట దగ్గర మా చెరువు ఎండిపోయి, బెంగుళూరుకు కూలికి పోదామని అమ్మ మూటలు సర్దుతున్న రోజులవి. నాయన గాలానికి కోడి ఈకలు చుట్టి, ఎర్రదారంతో బిగించి, కొసలు దీపానికి కాల్చి సరిచేశాడు. అచ్చం రొయ్యపిల్లే. దానికి ప్రాణముందనుకుని నేను చెంబెడు నీళ్లలో వదిలాను.

"అది బతికింది కాదు పాపా! దీన్ని చూసి చేపలు మోసపోవాల" అన్నాడు నాయన.

"చెరువులో నీళ్లే లేవు, చేపలు యాడుండాయి?" అంది అమ్మ.

"వానొచ్చినంక ఈకలు ఎతుక్కుంటా కూర్చుంటామా?"

అమ్మ చాలా రోజులకు నవ్వింది. మూటలు విప్పింది.

అమ్మను ఆపడానికే నాయన దాన్ని కట్టాడని నాకు పెళ్లయ్యాకే అర్థమైంది. ఆ వానాకాలం వంక పారింది, నీళ్లతోపాటు చేపలూ వచ్చాయి. మొదటి చేపను అమ్మే లాగింది.