మిరప తినేసిన వేలిముద్ర

నేను అక్షరాలు దిద్దింది నలభై దాటాక. అంతకు ముందు బ్యాంకుకు వెళ్లినా, ఇంకే ఆఫీసుకు వెళ్లినా గుమాస్తా నా బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది కాగితం మీద నొక్కేవాడు. గొడ్డు కాలు పట్టుకున్నట్టు పట్టుకునేవాడు. బయటికొచ్చి ఆ సిరాను తలకు తుడుచుకునేదాన్ని. ఆ తుడుచుకోవడం మానాలనే రాత్రిబడికి వెళ్లాను. సంతకం పెట్టడం వచ్చిన రోజున, ఇక ఈ వేలితో ఎవరికీ పని లేదనుకున్నాను. ముసలితనంలో మళ్లీ వేలే అడిగారు.

మాది అద్దంకి వైపు. నల్లరేగడి ఒక ఎకరం. మా ఆయన పోయాక అది నా పేరుకు మారింది. రైతుల ఖాతాల్లో ప్రభుత్వం వేసే డబ్బు ఆయన ఉన్నన్నాళ్లూ ఆయనకు పడేది. మిరపకు అయ్యే ఖర్చులో అది ఒక మూలకు రాదు. కానీ నారు కొనే ముందు పడేది. దాని విలువంతా అందులోనే ఉంది. చేలో మొక్క నిలబడితే మందుల కొట్టువాడు అరువిస్తాడు, కూలివాళ్లు కోత దాకా ఓపిక పడతారు. మొక్క లేని చేనును నమ్మి ఎవడూ రూపాయి పెట్టడు.

పొలం నా పేరుకు మారింది కాబట్టి డబ్బు పడాలంటే నా వేలిముద్ర కావాలన్నారు. ఊళ్లో ఆఫీసుకు వెళ్తే అక్కడి అమ్మాయి అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద యంత్రం ముందు పెట్టింది. వేలు ఆనించాను. ఎర్రలైటు. కొంగుతో తుడిచి మళ్లీ ఆనించాను. మళ్లీ ఎర్రలైటే. పది వేళ్లూ అయిపోయాయి.

“మామ్మగారూ, మీ వేళ్ల మీద గీతలు లేవండి.”

“గీతలు లేకుండా పుట్టానా?”

“అరిగిపోయాయండి. ఏం పని చేస్తారు?”

“తొడిమలు తీస్తాను.”

ఎండు మిరపకాయకు తొడిమ తీయాలంటే వేలితో గిల్లాలి. వేసవి నుంచి వానల దాకా కోల్డ్ స్టోరేజీల దగ్గర ఆడవాళ్లం వరసగా కూర్చుని చేసేది ఆ పనే. మొదట్లో మంట. తర్వాత తోలు పొరలు పొరలుగా లేస్తుంది. ఆ తర్వాత ఏమీ తెలియదు. కళ్లు నలుపుకోవడం మేం మరిచిపోయి ఏళ్లయింది.

పోనీ కన్ను చూపించమంది ఆ అమ్మాయి. శుక్లాల ఆపరేషన్ అయిన కన్నును కూడా యంత్రం ఒప్పుకోలేదు. ఫోనుకు నెంబరొస్తే చెప్పమంది. ఆధార్‌లో ఉన్న ఫోను మా ఆయనది. ఆయనతోపాటే అదీ పోయింది, ఇప్పుడు నా చేతిలో ఉన్నది వేరే నెంబరు. ఫోను నెంబరు మార్చాలంటే మళ్లీ వేలిముద్ర కావాలట.

“సంతకం పెడతానమ్మాయ్. ఇంటిపేరుతో సహా రాస్తాను.”

“సంతకం దీనికి పనికిరాదండి. ఓ పక్షం రోజులు మిరపకాయ ముట్టుకోకండి. కొబ్బరినూనె రాసుకోండి. గీతలు మళ్లీ వస్తాయి.”

“ఆ పక్షం రోజులూ అన్నం మీ ఆఫీసులో పెడతారా?”

ఆ అమ్మాయి నవ్వబోయి ఆగి తల దించుకుంది. ఆమె తప్పేముంది.

నూనె రాసుకుని ఇంట్లో కూర్చున్నాను. బియ్యం డబ్బా అడుగు కనపడగానే మళ్లీ తొడిమలకు వెళ్లాను. వేళ్లకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకుంటే పక్కన కూర్చున్నామె ఊరుకుందా?

“ఏమే, గోరింటాకు పెట్టుకున్నావా? పెళ్లెప్పుడు?”

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ కవర్లతో కాయ జారిపోతుంది. కూలి తూకం మీద ఇస్తారు. మధ్యాహ్నానికి విప్పి పారేశాను.

శ్రావణంలో మంచి వాన పడింది. నేల నాటుకు సరిగ్గా పదునైంది. నేను బయానా ఇచ్చి పెట్టుకున్న నారు నర్సరీలో ఎదిగి ఉంది. నర్సరీ ఆయన ఫోను చేశాడు. “అమ్మా, నారు ముదిరిపోతందండి. రేపటికల్లా మిగతా డబ్బు కట్టి ఎత్తకపోతే వేరేవాళ్లకిచ్చేస్తాను, ఏమనుకోవద్దు.” పొద్దున్నే ఆఫీసుకు పోయి వేలు ఆనించాను. ఎర్రలైటు. అక్కణ్ణించి చేలోకి పోయి నిలబడ్డాను. కాలు మెత్తగా దిగింది. అంత మంచి పదును.

వరసకు మా మరిది కొడుకు గట్టు మీదికొచ్చాడు. వాడికి సొంత పొలం లేదు, ఊళ్లో కౌళ్లు చేస్తాడు.

“పెద్దమ్మా, పదును పోతంది. నాకియ్యి. సగం కౌలు ఇయ్యాలే ఇస్తా.”

“నా ఎకరం మీద కన్నేసి ఎన్నాళ్లయిందిరా?”

“కన్నేస్తే ఏం లాభం, నువ్వు ఇయ్యందే. బీడు పెట్టుకుంటావా మరి?”

ఇచ్చాను. నోటిమాటే. మా దగ్గర కౌలుకు కాగితాలుండవు. నేను బయానా ఇచ్చిన నారే వాడు ఎత్తుకొచ్చి నాటాడు.

ఆ కౌలు డబ్బుతో తిన్నాను. తొడిమలకు పోలేదు. కార్తీకంలో ఆఫీసు అమ్మాయి కబురు పెట్టింది. వేలు ఆనిస్తే పచ్చలైటు వెలిగింది. “వచ్చాయండీ గీతలు,” అని నాకన్నా ఎక్కువ సంబరపడింది. చూసుకున్నాను. ఎండిన రేగట్లో సన్నటి నెర్రెల్లా ఉన్నాయి. మిరప వదిలేశాకే నేను రైతునని ఆ యంత్రం ఒప్పుకుంది.

డబ్బు పడేసరికి చేను పూత మీదుంది. మెసేజి నేనే చదువుకున్నాను. వాడు వీపున ట్యాంకు మోస్తూ తామరపురుగుకు మందు కొడుతున్నాడు.

“పడ్డాయంటగా పెద్దమ్మా?”

“పడ్డాయి.”

“బాగుంది. నాటింది నేను, మందు వాసన పీల్చేది నేను. రైతువేమో నువ్వు.”

“నేనడిగానట్రా?”

“అడక్కుండానే వేసంకాలం నించీ ఆఫీసు చుట్టూ తిరిగావా?”

వాడి మాట నిజమే. కోపంతో అనలేదు, అనేసి మళ్లీ మందు కొట్టుకుంటూ పోయాడు.

ఊరికే డబ్బులిచ్చి రైతుల్ని సోమరుల్ని చేస్తున్నారని ఒకసారి పొన్నూరు బస్సులో ఒకాయన అన్నాడు. నా చేతులు చూపించాను. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. డబ్బు వద్దని నేననను. అదునుకు వస్తే అది నారయ్యేది. అదును దాటి వచ్చింది కాబట్టి బియ్యమైంది, కంటి మందైంది. తిన్నాను, కంట్లో వేసుకున్నాను. అంతటితో అయిపోయింది. రెండో విడత కౌలు ఇవ్వడానికి వాడికి పంట చేతికి రావాలి. నాకు మళ్లీ కూలే గతి.

మాఘంలో కాయ ఎర్రబడింది. నా చేలోనే కూలికి దిగాను. అందరితోపాటే నాకూ కూలి. కోతలయ్యాక కళ్లంలో కూర్చుని తొడిమలూ తీశాను. ఈసారి డబ్బు పడటానికీ ముద్ర అడుగుతారని ఆఫీసు అమ్మాయి ముందే చెప్పింది, చేతులు జాగ్రత్తండీ అంది.

వాడు బస్తా మూతి కుడుతూ, తల ఎత్తకుండా అడిగాడు.

“వచ్చే ఏడు నువ్వే వేసుకుంటావా పెద్దమ్మా, నన్నే చేయమంటావా?”

బొటనవేలును చూపుడువేలితో రుద్ది చూసుకున్నాను. గాజుముక్కలా నున్నగా ఉంది.

“నువ్వే చెయ్యరా,” అన్నాను.