మూడో వంతు పెట్రోలుతో బిమినీకి: మయామీ నుంచి మా సొంత బోటులో

మా అమ్మాయి కీర్తన జనవరి నుంచి బిమినీలో ఉంటోంది. బహామాస్ దీవుల్లో ఫ్లోరిడాకు బాగా దగ్గరగా ఉండే చిన్న దీవి అది. సముద్ర జీవశాస్త్రం చదువుతున్న కీర్తన, అక్కడి పరిశోధన కేంద్రంలో సొరచేపలకు ట్యాగులు వేసే ఇంటర్న్‌షిప్ చేస్తోంది. మయామీలో చిన్న విమానం ఎక్కితే అరగంటలో దాని దగ్గర దిగవచ్చు. కానీ మావారు రమణ గారికి ఆ మాట రుచించలేదు. జార్జియా రాష్ట్రం కమ్మింగ్‌లో మా ఇంటి పక్కనే లేక్ లానియర్ అనే పెద్ద చెరువు ఉంది, అందులో మా బోటు ఉంది, బోటుకి రెండు ఇంజన్లు ఉన్నాయి. సొంత బోటులో వెళ్ళి కూతురి ముందు దిగాలని ఆయన కోరిక.

బోటు కొన్నది ఆయనే అయినా నడిపేది నేను. భయంతోనే మొదలుపెట్టాను. నీళ్ళ మీద ఏం జరుగుతోందో తెలియకుండా కూర్చోవడం నావల్ల కాక బోటింగ్ కోర్సులో చేరాను. ఆయన సగంలో మానేశారు, నేను పూర్తి చేశాను. అందుకే ఈ ప్రయాణం అనుకున్నప్పుడు ఒక ఒప్పందం చేసుకున్నాం. సముద్రం మీద క్యాప్టెన్ నేను, నా మాటే చివరిది. ఆయన నవ్వుతూ సరేనన్నారు. అక్కడిదాకా వస్తుందని అనుకుని ఉండరు.

ఇలాంటి ప్రయాణం అనుకునేవాళ్ళు ముందుగా తెలుసుకోవలసింది పెట్రోలు లెక్క. మొత్తం పెట్రోలును మూడు వంతులు చేసుకుంటే, ఒక వంతు వెళ్ళడానికి, ఒక వంతు రావడానికి, మూడో వంతు అనుకోని కష్టానికి. వెళ్ళేచోట పెట్రోలు దొరకదనే అనుకుని లెక్క వేసుకోవాలి. మా ట్యాంకు నూట ఇరవై గ్యాలన్లు. మయామీ నుంచి బిమినీకి యాభై నాటికల్ మైళ్ళ లోపే. సముద్రం ప్రశాంతంగా ఉంటే ముప్పై అయిదు గ్యాలన్లతో చేరతాం, అంటే మూడో వంతుకి లోపే. ఇక మధ్యలో గల్ఫ్ స్ట్రీమ్ అని, ఉత్తరానికి వేగంగా పారే వెచ్చని నీటి ప్రవాహం ఉంది. ఉత్తరపు గాలి దానికి ఎదురొస్తే అలలు నిలువుగా లేస్తాయి.

మార్చి చివరి వారంలో బోటును ట్రైలర్ మీద పెట్టుకుని బయల్దేరాం. కమ్మింగ్ నుంచి మయామీకి ఏడు వందల మైళ్ళు. ట్రైలర్‌తో ఒక్క రోజులో పోవడం కష్టం, దారిలో ఒక రాత్రి మోటెల్‌లో ఆగాం. మయామీలో ఇథనాల్ కలవని పెట్రోలు అమ్మే మెరీనా, అంటే బోట్ల రేవు, వెతుక్కుని ట్యాంకు నింపాం. రోడ్డు పక్క బంకుల్లో ధర తక్కువే, కానీ ఇథనాల్ ఎక్కువ కలిపిన రకం బోటు ఇంజన్లకు పనికిరాదు, వాడకూడదని పంపు మీదే రాసి ఉంటుంది. బహామాస్ అనుమతి కోసం ముందే ఆన్‌లైన్‌లో అప్లై చేశాను. ఆ ఫీజులు ఈమధ్య మారాయి, పాత బ్లాగుల్లో అంకెలు నమ్మకండి.

శనివారం తెల్లవారగానే బయల్దేరాం. కీర్తనకు సెలవులు శని, ఆదివారాలే. ఆ ఉదయమే అది మెసేజ్ పెట్టింది, దీవికి పెట్రోలు తెచ్చే ఓడ ఇంకా రాలేదట, పంపులు ఖాళీగా ఉన్నాయట, రేపు రావచ్చట. మంగళవారం కదా మనం తిరిగొచ్చేది, ఆలోపు వస్తుందిలే అన్నారు ఆయన. మేం అనుకున్న లెక్కకు బిమినీ పెట్రోలుతో పనిలేదు కాబట్టి నేనూ సరేనన్నాను.

మొదటి గంట హాయిగా సాగింది. నీళ్ళు ముదురు నీలంలోకి మారాయి, ఎగిరే చేపలు బోటు ముందు నుంచి చెదిరిపోయాయి. ఆయన పులిహోర డబ్బా తీసి నాకు స్పూనుతో అందించారు. గల్ఫ్ స్ట్రీమ్‌లోకి వచ్చాక గాలి తిరిగింది. మధ్యాహ్నం దాటాక వస్తుందని వాతావరణ సూచనలో చెప్పిన ఉత్తరపు గాలి ముందే వచ్చేసింది. అలలు దగ్గర దగ్గరగా, గోడల్లా లేచాయి. వేగం సగానికి తగ్గించాను. బోటు ఒక్కో అల ఎక్కి దబ్బున పడుతోంది. డబ్బా ఎటో పోయింది. సగం దూరం వచ్చేసరికి ఎంత పెట్రోలు అయిందో స్క్రీన్ మీద చూశాను. ముప్పై గ్యాలన్లు.

లెక్క కష్టమైనదేం కాదు. ఇలాగే పోతే బిమినీ చేరేసరికి అరవై అయిపోతుంది. మిగిలిన అరవై ఇలాంటి సముద్రంలో తిరిగి రావడానికే సరిపోతుంది, చేతిలో మిగులు ఉండదు. అక్కడ నింపుకోవడానికి ఉందో లేదో తెలియదు. ఇప్పుడే వెనక్కి తిరిగితే సగం ట్యాంకుతో ఒడ్డు చేరతాం. వెనక్కి తిప్పుతున్నానని చెప్పాను.

ఆయన కాసేపు తూర్పు వైపే చూశారు. తర్వాత దగ్గరికి వచ్చి మెల్లగా అడిగారు.

"ఇంకో రెండు గంటలు ఓర్చుకుంటే అమ్మాయి ముందుంటాం సుజాతా. అక్కడిదాకా పోవడానికి పెట్రోలు ఉంది కదా?"

"పోవడానికి ఉందండీ. పోయాక ఏమిటన్నదే తెలియట్లేదు. ఒడ్డు మీద కూర్చుని పెట్టుకున్న రూలు, ఇక్కడ అలల్లో మార్చలేను."

ఆయన ముఖంలోకి చూడటం నాకు కష్టమైంది. మూడు నెలలుగా ఆయన ఈ రోజు కోసమే బతుకుతున్నట్టు ఉన్నారు. నాకు మాత్రం అమ్మాయిని చూడాలని లేదా? రెండు అలల మధ్య చోటు చూసుకుని బోటు తిప్పాను. ఆయన వెనక సీట్లోకి వెళ్ళి కూర్చున్నారు. కానీ ఒప్పందం తప్పలేదు. స్టీరింగ్ మీద చెయ్యి వెయ్యలేదు, ఇంకోసారి అడగలేదు.

తిరిగి మెరీనాలో కట్టేసి మళ్ళీ పెట్రోలు నింపుతుంటే, పక్కన పడవలో డీజిల్ పోసుకుంటున్న వయసైన జంట పలకరించారు. వాళ్ళు అట్లాంటిక్ దాటి పోర్చుగల్ దాకా వెళ్తారట. ఎర్ర రంగు కలిపిన డీజిల్ పోయించుకుంటున్నారు, రోడ్డు పన్ను ఉండదు కాబట్టి ఇక్కడ బోట్లకు అది మామూలే. కానీ కొన్ని దేశాల రేవుల్లో ఆ రంగు చూస్తే ఎక్కడ కొన్నారని అడుగుతారట. అందుకే ఎక్కడ నింపినా రసీదు దాస్తానంది ఆవిడ. మాది పెట్రోలు కాబట్టి ఆ గొడవ మాకు లేదు. మేం వెనక్కి వచ్చిన సంగతి విని, ఈ సీజన్‌లో తామూ రెండుసార్లు వెనక్కి తిరిగామని మామూలుగా చెప్పింది. ఆ మాటతో ఆయన భుజాలు కొంచెం వదులయ్యాయి.

సాయంత్రం మయామీలో ఒక మోటెల్ గది నుంచి కీర్తనకు వీడియో కాల్ చేశాం. మీ అమ్మ వెనక్కి తిప్పేసిందమ్మా అన్నారు ఆయన, ఫిర్యాదులాగే. అది అమెరికన్ యాసలో తన తెలుగు వెతుక్కుంటూ చెప్పింది.

"నాన్నా, మా బోట్ కూడా అంతే. వన్ థర్డ్ అయిపోతే రిటర్న్. షార్క్ కనిపించినా సరే రిటర్న్. నేను ఇక్కడే ఉంటా కదా. మండే నాకు వర్క్ ఉంది, కానీ ఈవెనింగ్ వస్తా. మీరు సేఫ్‌గా రండి."

ఆదివారం కూడా గాలి తగ్గలేదు. ఆయన రెండు ప్లాస్టిక్ క్యాన్లు కొనుక్కొచ్చారు, అదనంగా పెట్రోలు డెక్ మీద పెట్టుకుందామని. మెరీనా ఆఫీసులో అడిగితే, బోటు ట్యాంకులో ఉన్నదాన్ని మామూలుగా ఎవరూ పట్టించుకోరు, విడిగా క్యాన్లలో తీసుకెళ్తే మాత్రం బహామాస్ కస్టమ్స్‌కి ముందే చెప్పండి అన్నారు. చట్టం సంగతి అలా ఉంచితే, ఎండలో, ఊగే డెక్ మీద పెట్రోలు ఆవిరి పక్కన కూర్చోవడం నాకు ఇష్టం లేదు. ఆ మాట చెప్పబోయేంతలో ఆయనే క్యాన్లు ట్రక్కులో పడేశారు. తర్వాత బోటులోకి దిగి సామాను బయటికి చేరవేయడం మొదలుపెట్టారు. ఇరవై పౌండ్ల బియ్యం బస్తా, రెండో ఐస్ పెట్టె, కుక్కర్, కూతురి కోసం తెచ్చిన కొత్త మిక్సీ. బరువు తగ్గితే పెట్రోలు తక్కువ తాగుతుంది కదా అన్నారు. కందిపొడి, గోంగూర పచ్చడి మాత్రం కదల్చలేదు. శనివారం నుంచి బిగుసుకున్న నా మనసు అప్పుడు తేలికపడింది.

సోమవారం గాలి ఆగ్నేయానికి మళ్ళింది. ఈసారి పంపుల్లో పెట్రోలు వచ్చిందని కీర్తనతో ఖాయం చేసుకున్నాకే, ఉదయం పదింటికి తాడు విప్పాను. గల్ఫ్ స్ట్రీమ్ ఉందా అని అనుమానం వచ్చేంత నున్నగా ఉంది సముద్రం. సగం దూరంలో స్క్రీన్ చూశాను, పదిహేడు గ్యాలన్లు. నేను చెప్పకముందే ఆయన కూడా వంగి చూసి, నా భుజం తట్టారు. మధ్యాహ్నానికి నీళ్ళ అడుగున ఇసుక కనిపించడం మొదలైంది. లేత ఆకుపచ్చ నీళ్ళు, వాటి వెనక సన్నటి గీతలా దీవి.

విదేశీ రేవులోకి వెళ్ళేటప్పుడు పసుపు జెండా ఎత్తాలి. కస్టమ్స్, ఇమిగ్రేషన్ పూర్తయ్యేదాకా క్యాప్టెన్ తప్ప ఎవరూ దిగకూడదు. ఈ సంగతి ఆయనకు తెలుసు, కానీ కీర్తన సాయంత్రం కదా వచ్చేది అనుకున్నారు. అది లంచ్ బ్రేక్‌లోనే వచ్చేసి, ఎండకు నల్లబడ్డ ముఖంతో, ఉప్పు పట్టిన జుట్టుతో రేవు చెక్కల మీద నిలబడి ఉంది. తాడు అందుకుని తనే ముడివేసింది. పాస్‌పోర్టులు పట్టుకుని నేను దిగాను. దాన్ని వాటేసుకున్నాను. రెండడుగుల దూరంలో, పసుపు జెండా కింద, పచ్చడి సీసా చేత్తో పట్టుకుని నిలబడిపోయారు ఆయన.

"త్వరగా వెళ్ళిరా క్యాప్టెన్" అన్నారు.

నేను ఆఫీసుకు పరుగెత్తాను.

తిరుగు ప్రయాణం అనుకున్న రోజుకే, మంగళవారం సాగింది. బిమినీలో పెట్రోలు గ్యాలన్‌కి మయామీ కన్నా దాదాపు రెండు డాలర్లు ఎక్కువ పడింది, అయినా ట్యాంకు నిండా పోయించాం. ఒడ్డు చేరాక అమెరికా ఇమిగ్రేషన్‌కి ఫోన్ యాప్‌లో రిపోర్ట్ చేస్తే కొద్ది నిమిషాల్లో అనుమతి వచ్చింది. లెక్క చూస్తే ఈ ప్రయాణంలో ఒక రోజు సగం దూరం వెళ్ళి వచ్చేశాం, ఒక రోజు ఊరికే కూర్చున్నాం, కూతురితో గడిపింది ఒక సాయంత్రం, ఒక ఉదయం. విమానమైతే మూడు రోజులూ దాంతోనే ఉండేవాళ్ళం. అయినా మళ్ళీ బోటులోనే వెళ్తాను. పాతికేళ్ళ కాపురంలో నేను కాదన్న మాటకు ఆయన, అలిగినా సరే, కట్టుబడటం మొదటిసారి చూశాను. అమ్మాయిని అంత చూడాలని ఉండి కూడా నేను తిరిగి రాగలనని నాకు తెలిసింది. మే నెలలో కీర్తన ఇంటికి వస్తుంది. లానియర్‌లో మా బోటు తనే నడుపుతానంటోంది, వాళ్ళ నాన్న ఇప్పటికే కోర్సు పుస్తకం మళ్ళీ తెరిచారు.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. ఇంజనుకు వెళ్ళే పెట్రోలులోంచి నీటినీ మురికినీ వేరుచేసే ఫిల్టర్ ఒకటి అదనంగా పట్టుకెళ్ళండి. చెరువులో ఏళ్ళతరబడి ట్యాంకు అడుగున కదలకుండా ఉన్న మురికి సముద్రపు కుదుపులకు పైకి లేచి ఫిల్టర్‌ను మూసేస్తుంది. దాన్ని మార్చడం ఇంటి దగ్గరే, బోటు కదలకుండా ఉన్నప్పుడే, మీ చేతులతో ఒకసారి చేసి చూసుకోండి.