కోరుట్లలో నేను నవ్విన నవ్వు

మొన్న జగిత్యాలలో జాబ్ మేళా ఉందంటే మా తమ్ముడి బిడ్డకు తోడుగా నేనూ వెళ్లాను. నేను చేసేదేమీ లేదు, ఆమె ఫైలు పట్టుకుని ఓ కుర్చీలో కూర్చోవడమే నా డ్యూటీ. గేటు దగ్గర ఎవరో ఒక కాగితం పంచుతున్నారు. కంపెనీల వాళ్ల ముందు ఎలా మసలుకోవాలో అందులో ఉందట. పిల్ల దాన్ని నాకు చదివి వినిపించింది: మెల్లగా మాట్లాడాలి, ఎదుటివారి మీదికి వంగకూడదు, ముఖం మీద చిరునవ్వు ఉండాలి. "గిదంత నాకు తెల్సు పెద్దబాపూ" అని ఆ కాగితం నా చేతిలో పెట్టి లోపలికి పోయింది. నేను మాత్రం చాలాసేపు తలెత్తలేకపోయాను. నాకు ఉద్యోగం వచ్చింది అలాంటి చిరునవ్వుతోనే. ఆ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు, మీరు నా వయసు వాళ్లు కాబట్టి చెబుతున్నాను.

మాది సిరిసిల్ల. మా మేనత్త కొడుకు, నాకు బావ, మీసం మొలవకముందే సాంచాల మీద నిలబడ్డవాడు. సాంచా అంటే మా దగ్గర మరమగ్గం. షెడ్డులో ఇరవై సాంచాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు, అందుకే అందరూ గొంతు చించుకునే మాట్లాడతారు, ఆ అలవాటు ఇంటికొచ్చినా పోదు. బయటి ఊళ్ల నుంచి మా వాడకు వచ్చిన కొత్త కోడళ్లు మొదటి నెలంతా అత్తింట్లో రోజూ తగాదానే అనుకుని బెదిరిపోయేవారు. మా బావది అందరిలోకీ పెద్ద గొంతు. మనసు మాత్రం వెన్న, పోగు తెగిందని తోటివాణ్ణి ఒక్క మాట అన్నవాడు కాదు. నేనేమో ఇంటర్ చదివి, సెలవుల్లో షెడ్డులో పైపనులు చేసినవాణ్ణే తప్ప నేతలో లోతు తెలియనివాణ్ణి.

ఆ రోజుల్లో జాబ్ మేళా అన్న పేరు మేము వినలేదు. హైదరాబాదు వైపు నుంచి రెండు మూడు మిల్లుల వాళ్లు కోరుట్లలో ఒక కాలేజీకి వచ్చి మనుషులను ఎంపిక చేసుకుంటున్నారని బావే కనుక్కుని వచ్చాడు. ఒక మిల్లులో నేసిన బట్టలో లోపాలు చూసే పని ఉంది, యంత్రాలకు దూరంగా వేరే గదిలో కూర్చుని చేసేది. బావకు ఆ గది కావాలి. అప్పటికే ఆయన చెవుల్లో హోరు మొదలైంది, ఇంకా ఆ మోతలోనే ఉంటే వినికిడి మొత్తం పోతుందని కరీంనగర్‌లో డాక్టరు చెప్పి పంపాడు. ఆ సంగతి ఇంట్లో నాకొక్కడికే తెలుసు. అయినా తానొక్కడే పోకుండా నన్నూ వెంటబెట్టుకున్నాడు, బస్సు కథలాపూర్ దాటేదాకా ఏ మరక దేనివల్ల పడుతుంది, పోగు జారితే బట్ట మీద ఎలా కనిపిస్తుంది, అన్నీ నాకు నేర్పుతూనే ఉన్నాడు. మేము కొట్టుకుంటున్నామేమోనని కండక్టరు ఒకసారి వచ్చి చూసిపోయాడు.

ఒకే ఊరివాళ్లమని ఇద్దరినీ కలిపి పిలిచారు. టేబుల్ మీద బట్ట పరిచి లోపాలు చెప్పమన్నారు. బావ ఒక్క చూపులో అన్నీ పట్టేశాడు, పట్టి ఊరుకున్నాడా, టేబుల్ మీదికి వంగి, వేలు ఆడిస్తూ, "గీడ సూడుండ్రి సారూ, గిది నేసినోని తప్పు కాదు, గా సాంచానే సక్కగ లేదు!" అని షెడ్డులో అరిచినట్టే అరిచాడు. ఆఫీసరు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. బావను బయట కూర్చోమని పంపి, మీవాడికి కోపం ఎక్కువా, పనివాళ్లతో గొడవలు పడతాడా అని నన్నడిగాడు. సాంచాల మోతలో బతికేవాళ్లం సార్, మాకు మెల్లగా మాట్లాడటం రాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఖాళీ ఒక్కటేనని గుమ్మం దగ్గరే విన్నాను. తల వంచుకుని చిన్నగా నవ్వాను. ఆయనకు కావలసిన జవాబు ఆ నవ్వులో దొరికింది. తరువాత అడిగిన వాటికి బస్సులో బావ నేర్పినవే, చేతులు కట్టుకుని, మెత్తమెత్తగా అప్పజెప్పాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నా పేరు పిలిచారు. "మా బామ్మర్దికి నౌకరి అచ్చింది!" అని బావ కాలేజీ అంతా వినబడేలా అరిచి నా వీపు చరిచాడు. తిరుగు బస్సులో నాకు ఏడుపు ఆగలేదు, సంతోషం పట్టలేక ఏడుస్తున్నానని ఆయన అనుకున్నాడు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆ చల్లని, చప్పుడులేని గదిలో నేను కూర్చున్నాను. బావ సాంచాల మధ్యనే ఉండిపోయాడు, దాదాపు డాక్టరు చెప్పినట్టే అయింది.

ఇప్పుడు పిల్లలకు ఎలా మాట్లాడాలో ముందుగానే నేర్పేవాళ్లున్నారు. మా వాడలో చాలా షెడ్లకు తాళాలు పడ్డాయి, అరుస్తూ మాట్లాడుకునే మనుషులూ తగ్గిపోయారు, కొత్త కోడళ్లు బెదిరిపోయే రోజులు పోయాయి. మేళా అయిన మర్నాడు సిరిసిల్ల వెళ్లాను, ఈసారైనా చెప్పేద్దామనే. అరుగు మీద బావ పక్కన కూర్చుని, ఆనాడు ఆఫీసరు నీ గురించి అడిగితే నేను, అంటూ మొదలుపెట్టాను. ఆయన చెవి నా నోటి దగ్గరకు తెచ్చి, "ఏందిరా, జర గట్టిగ చెప్పు" అన్నాడు. అంత గట్టిగా చెబితే వాడంతా వింటుంది. ఎదురింటివాళ్లు అప్పటికే మా వైపు చూస్తున్నారు.

"ఏం లేదు బావా, అన్నం తిన్నవా అంటున్న" అని అరిచాను.